ఇంట్లో పండ్లరసం: అనంతపురం ఎండలకు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో వానకు కరువేమో గానీ పండుకు కరువు లేదు. చీనీ (బత్తాయి), అరటి, దానిమ్మ, బొప్పాయి, కర్బూజ, మామిడి అన్నీ చుట్టుపక్కల తోటల్లోవే. 2020 సెప్టెంబరులో ఇక్కడి నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు వేసింది కూడా ఈ సరుకు కోసమే. ఇంత మంచి పండు చేతికందే ఊళ్ళో ఉండి కూడా ఇంట్లో చేసుకున్న రసం చేదుగానో, నురగగానో, పాలు విరిగో వస్తోందంటే లోపం పండులో లేదు. మిక్సీలో వేసే ముందు, వేసిన తర్వాత మనం చేసే రెండు మూడు పనుల్లో ఉంది. బంధువులు, ఇరుగుపొరుగు వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

చీనీకాయలు పచ్చగా ఉన్నాయి. ఇవి పండినవేనా?

చాలావరకు పండినవే. మన దగ్గర ఎక్కువగా దొరికేది సాతుగుడి రకం. ఈ జాతి కాయల తొక్కలో పచ్చదనం పోయి పసుపు, నారింజ రంగు తిరగాలంటే రాత్రులు బాగా చల్లబడాలి. మన వేడికి ఆ రంగు సరిగ్గా రాదు, లోపల రసం మాత్రం నిండుతుంది. అందుకే రంగు చూసి కొనకండి, చేతిలోకి తీసుకుని తూకం చూడండి. ఒకే సైజు కాయలు రెండు పట్టుకుంటే బరువైన దాంట్లో రసం ఎక్కువ. తొక్క నున్నగా, పల్చగా ఉండాలి. గరుకుగా, బుడిపెలుగా ఉంటే తొక్క మందం, లోపల పీచు. తొడిమ దగ్గర మెత్తబడి ఉంటే కుళ్ళు మొదలైనట్టే.

కిలోకు ఐదారు కాయలు తూగితే, రెండున్నర కాయలకు ఒక గ్లాసు రసం వస్తుంది. ఇంటికి పదిమంది వస్తున్నారంటే ఐదు కిలోలు తెచ్చుకోండి, నీళ్ళు కలపకుండానే సరిపోతుంది.

చీనీ రసం తాగేటప్పుడు బాగుంది, అరగంటకు చేదెక్కింది. ఎందుకు?

అందరికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. చాలామంది కాయ మంచిది కాదని అమ్మినవాణ్ణి తిడతారు. వాడి తప్పేమీ లేదు.

చీనీ గింజల్లో, తొనల మీది పొరలో, తొక్క కింది తెల్లటి మెత్తలో ఒక పదార్థం ఉంటుంది. కాయ లోపల ఉన్నంతసేపు దానికి చేదు లేదు. గింజ నలిగి, పొర చిరిగి అది పుల్లటి రసంలో కలిసిందంటే మెల్లగా లిమొనిన్‌గా మారుతుంది. ఆ లిమొనిన్ గట్టి చేదు. మార్పుకు కొంత సమయం పడుతుంది కాబట్టే మొదటి గుక్క తియ్యగా ఉండి, పక్కన పెట్టిన గ్లాసు చేదెక్కుతుంది. వేడి చేస్తే ఇంకా త్వరగా చేదవుతుంది.

కాబట్టి చేయాల్సిందల్లా గింజనూ పొరనూ నలగనివ్వకపోవడం. కాయను నిలువుగా కాదు, అడ్డంగా కోయండి. తొనలన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి, గింజలు పైకి కనిపిస్తాయి. కత్తి మొనతో గింజలు తీసేసి చేతి జ్యూసర్ మీద బోర్లించి, మెల్లగా అటూ ఇటూ తిప్పండి. రసం కారడం ఆగి, చేతికి తొక్క లోపలి గరుకు తగులుతుందనగా ఆపేయాలి. అక్కడి నుంచి ఇంకో చెంచా రసం వస్తుందని బలంగా నొక్కితే ఆ చెంచాతో పాటు తెల్లమెత్తలోని చేదూ, తొక్కలోని నూనే దిగుతాయి. పెదవుల మీద చురుక్కుమనేది ఆ నూనే.

మిక్సీయే వాడాలంటే ఓపిక కావాలి. తొక్క, తెల్లమెత్త పూర్తిగా ఒలిచి, తొనలు విడదీసి, ఒక్కో తొనను గింజ ఉన్న వైపు చీల్చి గింజలు తీయాలి. తర్వాత మిక్సీ మీటను ఎడమవైపు రెండుసార్లు తిప్పి వదిలితే చాలు. ముద్ద చేయకూడదు. వెంటనే వడకట్టండి, వడకట్టులో మిగిలిన పిప్పిని గరిటెతో రుద్దకండి.

ఇంత చేసినా చీనీ రసం దాచుకునేది కాదు. పిండిన పావుగంటలో తాగేయాలి.

మిక్సీ, జ్యూసర్, చేత్తో పిండడం. ఏది మంచిది?

పండును బట్టి. చీనీ, నిమ్మ, కమలాలకు చేయే మేలు. మామిడి, బొప్పాయి, అరటి, సపోటాలకు మిక్సీ. అనాసకు, దానిమ్మకు జ్యూసర్ ఉంటే సుఖం, లేకపోయినా నడుస్తుంది. వేలు పోసి కొత్త మిషన్ కొనాల్సిన అవసరం ఏ ఇంటికీ ఉందని నేను అనుకోను. మిషన్ కంటే మంచి వడకట్టు ముఖ్యం. స్టీలుది, అంచు గట్టిగా ఉన్నది, టీ వడకట్టేదానికంటే కొంచెం పెద్ద కన్నాలది ఒకటి కొనుక్కోండి. టీ వడకట్టులో మామిడి రసం వడకట్టాలంటే సాయంత్రమవుతుంది.

కళింగర (పుచ్చకాయ) రసం నీళ్ళనీళ్ళుగా, నురగగా వస్తోంది.

కళింగరలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీళ్ళే. మళ్ళీ చుక్క నీళ్ళు పోసినా, ఐసు వేసినా అది పల్చబడిపోతుంది. ఐసు బదులు ముక్కలు కోసి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, ఆ చల్లటి ముక్కలనే రసం చేయండి.

నురగ వచ్చేది మిక్సీ ఎక్కువసేపు తిప్పడం వల్ల. అసలు కళింగరకు మిక్సీ అక్కర్లేదు. గింజలు ఏరి, గిన్నెలో ముక్కలు వేసి పప్పుగుత్తితో మెదిపి వడకట్టండి. రంగు చిక్కగా, రుచి నిండుగా వస్తుంది. చిటికెడు ఉప్పు, అర చెక్క నిమ్మరసం, నాలుగు పుదీనా ఆకులు నలిపి వేస్తే చాలు. మిరియాల పొడి ఇష్టమున్నవాళ్ళు వేసుకోవచ్చు. చక్కెర మాత్రం వద్దు. చక్కెర వేయాల్సి వచ్చిందంటే కాయ సరిగ్గా పండలేదు, దాన్ని ముక్కలుగా ఉప్పూకారం చల్లుకుని తినేయండి.

ఎర్రరంగు సూదితో ఎక్కిస్తారని ఫోన్లలో తిరిగే వీడియోల గురించి కూడా అడుగుతారు. ఆ ఎరుపు లైకోపీన్ అనే సహజమైన రంగు, టమాటాలో ఉండేదీ అదే. సూది గుచ్చిన కాయకు ఈ ఎండలో ఆ చిల్లు దగ్గరే కుళ్ళు పడుతుంది. భయపడాల్సింది రోడ్డు పక్కన కోసి ఈగలు వాలేలా పెట్టిన ముక్కలకు. కాయ మొత్తంగా కొని, కోసే ముందు పైతొక్క కడగండి. తొక్క మీది మట్టి కత్తితో పాటే లోపలికి పోతుంది.

మామిడి రసానికి ఏ కాయ? బేనీషానా, రసాలా?

ఉత్త రసం పీల్చుకోవడానికో, పిండుకుని అన్నంలో కలుపుకోవడానికో అయితే రసాల రకాలు. గ్లాసులో పోసుకుని తాగడానికి బేనీషా, అదే బంగినపల్లి. బనగానపల్లె పక్కనే ఉన్నందుకు చెప్పే మాట కాదిది. బేనీషాలో పీచు దాదాపు ఉండదు, గుజ్జు నున్నగా ఉంటుంది, వడకట్టే పని తప్పుతుంది. ఈ రకానికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

రెండు మీడియం కాయల గుజ్జుకు ఒకటిన్నర గ్లాసు చల్లటి నీళ్ళు, చిటికెడు ఉప్పు, కొంచెం ఏలకుల పొడి. ఉప్పు వేస్తే తీపి ఇంకా తెలుస్తుంది. పాలతో కావాలంటే కాచి చల్లార్చిన పాలు, బాగా తియ్యగా మాగిన కాయ తీసుకోండి. పులుపున్న కాయ వేస్తే పాలు విరుగుతాయి.

కోసే ముందు కాయలను గంటసేపు నీళ్ళలో వేసే మన ఇళ్ళ అలవాటు మానకండి. తొడిమ దగ్గర కారే జీడి చర్మానికీ, మూతికీ పొక్కులు తెస్తుంది. నీళ్ళలో నాని, ఒకసారి రుద్ది కడిగితే పోతుంది.

కార్బైడ్ వేసి మగ్గబెట్టిన కాయను గుర్తుపట్టడం ఎలా?

చూపుతో నూటికి నూరుపాళ్ళు చెప్పలేం. అనుమానించాల్సిన గుర్తులు కొన్ని ఉన్నాయి. కాయంతా ఒకే పసుపు, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన లేదు, కోస్తే టెంక చుట్టూ తెల్లగా, గట్టిగా, పుల్లగా. సీజన్ మొదలవ్వకముందే బండ్ల మీద కుప్పలుగా కనబడే పసుపుపచ్చని కాయల జోలికి పోకండి. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. ఇథిలీన్ వాయువుతో మగ్గబెట్టడానికి మాత్రం అనుమతి ఉంది, పండు తనంతట తాను మాగేటప్పుడు వదిలేదీ ఆ వాయువే. తోట నుంచి గట్టికాయ తెచ్చుకుని ఇంట్లో వరిగడ్డిలో మాగేసుకుంటే ఈ తలనొప్పే ఉండదు. మధ్యలో ఒక పండిన కాయ పెడితే మిగతావి త్వరగా మాగుతాయి.

అనాస, బొప్పాయి పాలతో కలిపితే చేదుగా, ముక్కలుగా అయింది.

అవుతుంది. అనాసలో బ్రోమెలిన్, బొప్పాయిలో పపైన్ అని మాంసకృత్తులను విరగ్గొట్టే ఎంజైములుంటాయి. పాలలోని మాంసకృత్తులను కూడా అవి వదలవు. అనాస ఎక్కువ తింటే నాలుక మండేదీ అందుకే. బొప్పాయి పచ్చిగా ఉన్నకొద్దీ ఈ గుణం ఎక్కువ. బాగా పండిన బొప్పాయిని పాలతో కలిపి వెంటనే తాగేస్తే పరవాలేదు, ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తాగుదామంటే కుదరదు. అనాసను పాలతోనే కావాలంటే ముక్కలను ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చండి, వేడికి ఎంజైము చచ్చిపోతుంది. నన్నడిగితే రెండింటికీ పాలు వద్దు. బొప్పాయికి నిమ్మరసం, అనాసకు చిన్న అల్లం ముక్క కలిస్తే ఇంకేం అక్కర్లేదు.

దానిమ్మ రసం వగరుగా ఎందుకొస్తుంది?

గింజలోపలి తెల్ల పలుకు నలగడం వల్ల. గింజలను మిక్సీలో మెత్తగా తిప్పకండి. శుభ్రమైన పల్చటి గుడ్డలో మూటకట్టి పిండండి, లేదా మందపాటి కవర్లో వేసి చపాతీ కర్రతో దొర్లించి వడకట్టండి. గింజల మధ్య పసుపుపచ్చ పొరలు ఒక్కటి కూడా ఉండకూడదు. పాత చొక్కా వేసుకుని చేయండి, ఈ మరక వదలదు.

సపోటా, అరటి, సీతాఫలం?

అవి రసానికి రావు. పాలతో కొట్టుకుని తాగండి, లేదా ఊరికే తినండి.

నన్నారిని పండ్లరసంలో కలపొచ్చా?

కర్నూలు వైపు వాళ్ళు అడిగే ప్రశ్న ఇది. సుగంధిపాల వేరుతో చేసే నన్నారికి సహజంగా జోడీ నిమ్మకాయ. కళింగర రసంలో కూడా బాగుంటుంది. చీనీలో, అనాసలో మాత్రం ఆ వేరు వాసనా పండు వాసనా ఒకదాన్నొకటి తొక్కేస్తాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, కొట్లో కొన్న నన్నారి అంటే చాలావరకు చక్కెర పాకమే. అది పోశాక మళ్ళీ చక్కెర వేయకండి. సబ్జా గింజలు వేస్తే ముందుగా పదిహేను నిమిషాలు నీళ్ళలో నానబెట్టి వేయండి. ఎండు గింజలు గొంతులో ఉబ్బుతాయి, పిల్లలకైతే మరీ ప్రమాదం.

ఏ నీళ్ళు కలపాలి? ఐసు బయట కొనొచ్చా?

తాగే నీళ్ళే కలపాలి. మన జిల్లాలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ పాత బాధ. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. రోజూ దేన్ని తాగుతున్నారో అదే శుద్ధి చేసిన నీళ్ళు రసంలోనూ వాడండి. ఐసు అవే నీళ్ళతో ఇంట్లో చేసుకోవాలి. చేపలకు, సరుకు చల్లబరచడానికి వాడే ఐసు దిమ్మ తినడానికి చేసింది కాదు. రోడ్డు మీది రసంతో కడుపు చెడితే చాలాసార్లు పండు అమాయకురాలే, నేరం ఐసుదీ గ్లాసు కడిగిన బకెట్‌దీ.

రసం ఎంతసేపు నిలవ ఉంటుంది?

నలభై డిగ్రీలు దాటే రోజుల్లో బయట గంటకు మించి ఉంచకండి. చీనీ తప్ప మిగతావి ఫ్రిజ్‌లో మూతపెట్టిన గాజు సీసాలో, నిండా పోసి, ఒక రోజు. సీసాలో ఖాళీ ఉంటే గాలి తగిలి రంగు మారుతుంది, సి విటమిన్ తగ్గుతుంది. మామిడి గుజ్జు మాత్రం నీళ్ళు కలపకుండా డీప్ ఫ్రిజ్‌లో పెడితే నెలలు ఉంటుంది. ఒక్కసారికి సరిపోయేంత చిన్న డబ్బాల్లో పెట్టండి, కరిగించింది మళ్ళీ గడ్డకట్టించకూడదు. పులుపున్న ఏ రసాన్నీ రాగి, ఇత్తడి పాత్రల్లో పోయకండి, లోహం రసంలోకి దిగుతుంది. పిల్లల స్కూలు సీసాలో రసం పంపొద్దు. మధ్యాహ్నం దాకా సంచీలో వేడెక్కి పులుస్తుంది. పండే పంపండి.

చక్కెర వేయకపోతే షుగర్ ఉన్నవాళ్ళు తాగొచ్చా?

చక్కెర వేయకపోయినా రసంలో చక్కెర ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో పండ్లరసంలోని చక్కెరను కూడా మనం పైనుంచి కలిపే చక్కెర లెక్కలోనే వేసింది. రోజు మొత్తం తినే శక్తిలో ఈ లెక్కకు వచ్చే చక్కెర పది శాతం దాటకూడదని, ఐదు శాతం లోపుంటే ఇంకా మేలని చెప్పింది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. ఒకేసారి కూర్చుని మూడు చీనీకాయలు ఒలుచుకుని తినడం కష్టం, ఒక గ్లాసు తాగడం నిమిషం పని. పీచు వడకట్టులో ఉండిపోతుంది, చక్కెర గబగబా రక్తంలోకి ఎక్కుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు కాయను కాయలాగే, డాక్టరు చెప్పినంత తినాలి. వాళ్ళు దాహానికి నిమ్మరసం, ఉప్పు, నీళ్ళు తాగొచ్చు. ఉప్పు తగ్గించమన్న బీపీ వాళ్ళు అది కూడా మానేసి మజ్జిగ పల్చగా చేసుకోవాలి. తేనె వేశాం, బెల్లం వేశాం కాబట్టి పరవాలేదనే మాట నమ్మకండి.

కిడ్నీ జబ్బున్నవాళ్ళు పొటాషియం గురించి డాక్టరును అడగకుండా ఏ రసమూ, కొబ్బరినీళ్ళూ తాగకూడదు. పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ రసాలు కొన్ని బీపీ, కొలెస్ట్రాల్ మాత్రల మోతాదును ఒంట్లో పెంచేస్తాయి. చీనీతో మామూలుగా ఆ గొడవ లేదు.

పసిపిల్లలకు ఎప్పటినుంచి?

ఏడాది నిండేదాకా అసలు వద్దు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో ఇదే చెప్పింది. ఆ తర్వాత మూడేళ్ళ దాకా రోజుకు 120 మిల్లీలీటర్లు మించకూడదు, అంటే మన ఇళ్ళలో కాఫీ తాగే చిన్న గ్లాసు. పాలసీసాలో పోసి నోట్లో పెట్టి పడుకోబెడితే పళ్ళు పుచ్చుతాయి. అవ్వలు ఒప్పుకోరు, "నా బిడ్డలందరికీ చీనీ రసం పట్టే పెంచినా" అంటారు. వాళ్ళతో వాదించే బదులు గింజలు, పొర తీసిన తొనను నలిపి, తినడం మొదలుపెట్టిన బిడ్డకు నోట్లో పెట్టమనండి, అవ్వా సంతోషిస్తుంది.

వడదెబ్బకు, వాంతులకు పండ్లరసం పట్టొచ్చా?

విరేచనాలు, వాంతులు ఉంటే తియ్యటి రసం వద్దు. ఎక్కువ చక్కెర పేగుల్లోకి నీళ్ళు లాగి విరేచనాలను పెంచుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి ఇవ్వండి. అందుబాటులో లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు సమమైన టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. కొలత తప్పకూడదు. కొట్లలో ఓఆర్ఎస్‌లా కనిపించే రంగురంగుల డబ్బాలు వేరు, అసలు ప్యాకెట్ మీద రాసింది చదివి కొనండి. వడదెబ్బ తగిలి మనిషి మాట తడబడుతున్నా, తెలివి తప్పినా నోట్లో ఏమీ పోయకండి. నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి.

రంజాన్ ఉపవాసం విడిచేటప్పుడు ఏ రసం బాగుంటుంది?

కడపలో, కర్నూలులో ఇఫ్తార్ పళ్ళెంలో కళింగర, కర్బూజ ముక్కలు ఎలాగూ ఉంటాయి. ఖాళీ కడుపులోకి ముందే పుల్లటి అనాస, నిమ్మ పోస్తే కొందరికి మంట పుడుతుంది. ఖర్జూరం, నీళ్ళు అయ్యాక కర్బూజ రసం మెత్తగా దిగుతుంది. అజాన్‌కు పది నిమిషాల ముందు చేసుకోండి, మధ్యాహ్నమే చేసి పెట్టిన కర్బూజ రసం వాసన మారుతుంది.

తొక్కలు, పిప్పి పారేయాల్సిందేనా?

కళింగర తొక్కలో పచ్చటి పైచెక్కు తీసేస్తే మిగిలే తెల్లభాగం సొరకాయ మాదిరి పప్పులోకి, పచ్చడిలోకి బాగా వస్తుంది, దోశపిండిలో రుబ్బుకోవచ్చు. చీనీ తొక్కలు మన ఎండకు రెండు రోజుల్లో గలగలమంటాయి, పొడి కొట్టి సున్నిపిండిలో కలపండి. అనాస, మామిడి పిప్పి కుండీల్లో నేరుగా పోస్తే చీమలు, ఈగలు మూగుతాయి, మట్టి కప్పి వేయండి. మిక్సీ జార్ కింద బ్లేడు చుట్టూ రబ్బరు ఉంటుంది చూడండి, దాన్ని ఊడదీసి కడగండి. నిన్నటి మామిడి పులిసి రేపటి రసానికి వాసన పట్టించేది అక్కడి నుంచే.